మటిక్కాయ తాలింపులోకి చెనిక్కాయ నూనె లేకపోతే ఏం పోయాలి?

మా తిరుపతి వైపు తాలింపు అంటే పోపు కాదు. పోపును మేం తిరగబాత అంటాం. తాలింపు అంటే కూరాకే: మటిక్కాయ తాలింపు, బీన్స్ తాలింపు, అలసంద తాలింపు. అన్నంలో పప్పో రసమో కలుపుకొని పక్కన నంజుకునేది. గుంటూరు నుంచో గోదావరి వైపు నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లకు మొదట్లో ఇది తికమకగా ఉంటుంది. 'తాలింపు చేసినాను, తిందువు రా' అంటే ఆవాలూ ఎండుమిర్చీ తినమంటున్నారేమిటి అన్నట్టు చూస్తారు. మటిక్కాయలంటే గోరుచిక్కుళ్లు. ఎర్రగడ్డలంటే ఉల్లిపాయలు, తెల్లగడ్డలంటే వెల్లుల్లి, ఉర్లగడ్డలంటే బంగాళాదుంపలు, బేడలంటే పప్పులు, ఉద్దిబేడలంటే మినప్పప్పు. ఇవి ముందే చెప్పేస్తే తర్వాత గొడవ ఉండదు.

ఈ తాలింపులన్నిటికీ మా ఇళ్లలో ముందునుంచీ పోస్తున్నది చెనిక్కాయ నూనె, అంటే వేరుశనగ నూనె. పాకాల, పీలేరు, మదనపల్లె దారుల్లో మెట్ట చేలల్లో వానను నమ్ముకొని వేసే పంట అది. కాళహస్తి, నారాయణి, ధరణి అనే వేరుశనగ రకాలు పుట్టింది తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానంలోనే. చేలో కాయలు, పక్క ఊళ్లో గానుగ, వంటింట్లో డబ్బా. ఇంకో నూనె గురించి ఆలోచించే అవసరం మా అమ్మకు ఎప్పుడూ రాలేదు.

నాకు వచ్చింది. ఒకసారి ధర చూసి, ఒకసారి ఇంట్లో పెద్దాయనకు డాక్టరు చెప్పిన మాట విని, ఒకసారి చెనిగ్గింజలు పడని పిల్లాడు భోజనానికి వచ్చినప్పుడు. ఇంకోసారి ఏ కారణమూ లేదు, బాండ్లి వేడెక్కాక చూస్తే డబ్బా ఖాళీ. అలా బదులు పోసి చూసినవాటిలో ఏది ఎక్కడ పనికొచ్చింది, ఏది కూరాకును చెడగొట్టింది అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు కూరగాయను చూడండి

'ఏ నూనె మంచిది?' అని అడిగితే ఎవరి దగ్గరా సరైన జవాబు ఉండదు. 'ఈ కూరగాయ నీళ్లలో ఉడుకుతుందా, నూనెలో వేగుతుందా?' అని అడిగితే సగం పని అయిపోతుంది.

మటిక్కాయలు, బీన్స్, అలసందలు, క్యాబేజీ, చలికాలంలో వచ్చే అనపగింజలు ముందే నీళ్లలో ఉడికిపోతాయి. నూనె వచ్చేది చివర్లో, రెండు స్పూన్లు. ఆవాలు చిటపటమనాలి, ఉద్దిబేడలు ఎర్రబడాలి, ఎండుమిర్చి, తెల్లగడ్డ, కరివేపాకు వాసనను ఆ రెండు స్పూన్ల నూనే పట్టుకొని కూరకంతా పంచాలి. ఆ వాసనలు చాలావరకు నూనెలో కరుగుతాయి, నీళ్లలో కరగవు. అందుకే నూనె లేని తిరగబాతకు ఘుమఘుమ రాదు. నూనె మంట మీద ఉండేది రెండు మూడు నిమిషాలే కాబట్టి దాని సొంత వాసన కూడా పోకుండా కూరాకులోకి దిగుతుంది. ఇక్కడ నూనె మార్చారంటే రుచి మారిందని మొదటి ముద్దకే తెలిసిపోతుంది.

ఉర్లగడ్డ, బెండకాయ, కాకరకాయ, అరటికాయ, చేమగడ్డ సంగతి వేరు. పచ్చి ముక్కలు పావుగంట, ఇరవై నిమిషాలు నూనెలోనే మగ్గి వేగాలి. నూనె పని వాసన ఇవ్వడం కంటే వేడిని ముక్కకు అందించడం. అంతసేపు మంట మీద నిలిచేది కావాలి. ముక్క ఎర్రబడినప్పుడు పుట్టే కమ్మదనం ముందు నూనె సొంత వాసన వెనక్కి పోతుంది. అందుకే బెండకాయ వేపుడులో నూనె మార్చినా మా ఇంట్లో ఎవరూ కనుక్కోలేదు. మటిక్కాయల్లో మారిస్తే మాత్రం దొరికిపోయాను.

దొరికిపోయిన రోజు గురించి చెప్పాలి. ఒక ఆదివారం ఇంట్లో జనం ఉన్నారు, ఈ సంగతి ఇవాళే తేల్చేద్దామని కిలో మటిక్కాయలు నార తీసి, విరిచి, ఉప్పు నీళ్లలో ఉడికించి, వార్చి నాలుగు భాగాలు చేశాను. ఒకదానికి గానుగ చెనిక్కాయ నూనె, ఒకదానికి సన్‌ఫ్లవర్, ఒకదానికి నెయ్యి, ఒకదానికి కొబ్బరి నూనె, ఒక్కోదానికి ఒక టేబుల్ స్పూను. ఆవాలు, ఉద్దిబేడలు, ఎండుమిర్చి, తెల్లగడ్డ అన్నిటికీ ఒకే కొలత. మామూలుగా దించే ముందు చెనిగ్గింజల పొడి చల్లుతాం. ఆ రోజు చల్లలేదు, దాని వాసన మిగతావాటిని కప్పేస్తుందని. ఏది ఏదో చెప్పకుండా నాలుగు గిన్నెలు అత్త ముందు పెట్టాను.

సన్‌ఫ్లవర్‌ది నోట్లో పెట్టుకొని, 'ఉప్పూకారం సరిగ్గానే ఉండాది. ఎవురింట్లోనో తిన్నట్టుండాదే' అంది. నెయ్యి గిన్నె దగ్గర ఆగి, 'ఇది పప్పులోకి పోసుకునేది కదా, మటిక్కాయల్లోకి ఎందుకు పోసినావు అమ్మణ్ణీ?' కొబ్బరి నూనెది తిన్నాక మంచినీళ్లు అడిగింది, ఇంకేం అనలేదు. గానుగ నూనె గిన్నెను మాట్లాడకుండా తన కంచం పక్కకు లాక్కుంది. మా చిన్నదానికి మాత్రం నెయ్యిదే నచ్చింది, గిన్నె నాకేసింది. పిల్లల ఓటుకు విలువ ఇవ్వకుండా ఉండలేం కానీ, నెయ్యి పోస్తే అది చెప్పులు కూడా తినేటట్టుంది.

గానుగ నూనె: బదులు లేనిది ఎక్కడ, ఉన్నది ఎక్కడ

గింజల వాసన ఉండాల్సిన తాలింపులకు గానుగ చెనిక్కాయ నూనెకు సాటి లేదనే నా అభిప్రాయం. మటిక్కాయలు, అలసందలు, సంగటిలోకి చేసే వంకాయ, ఊరిబిండి అనే చెనిగ్గింజల పచ్చడి మీద వేసే తిరగబాత, ఇవన్నీ దాని సొంత ఇలాకా. అదే నూనెను ఉర్లగడ్డ వేపుడుకు పోస్తే డబ్బు దండగ. శుద్ధి చేసిన చెనిక్కాయ నూనె 230 డిగ్రీల దాకా పొగ రాకుండా తట్టుకుంటుంది. గానుగ నూనె అంతకంటే చాలా ముందే పొగ వేస్తుంది, ఎందుకంటే అందులో గింజ తాలూకు సన్నటి పిండి, జిగురు, కాస్త తేమ అలాగే ఉంటాయి. వాసన ఇచ్చేవీ అవే, మాడేవీ అవే. బాండ్లిలో పోయగానే నురగ కడితే కంగారు పడక్కర్లేదు. మంట తగ్గించి నురగ అణిగేదాకా ఆగి ఆవాలు వేయండి. పొగ కనబడిందంటే ఆలస్యమైనట్టే.

గానుగ నూనె అని రాసి ఉన్నదల్లా గానుగ నూనె కాదు. ఒక దుకాణంలో మంచి గాజు సీసా, మీద ఎద్దు గానుగ బొమ్మ చూసి కొన్నాను. మూత తీస్తే ఏ వాసనా లేదు, నీళ్లలాగా. అప్పటినుంచి ఒక చిన్న లెక్క వేసుకుంటున్నాను. చెనిగ్గింజల్లో దాదాపు సగం బరువు నూనే, కానీ గానుగలో అంతా దిగదు, కొంత పిప్పిలో, అంటే చెక్కలోనే మిగిలిపోతుంది. లీటరు నూనె రావాలంటే రెండున్నర కిలోల దాకా గింజలు కావాలి. ఆ వారం కిలో గింజల ధరను రెండున్నరతో హెచ్చవేయండి. చెక్క అమ్మితే కాస్త డబ్బు తిరిగొస్తుంది, ఆడించిన కూలి పోతుంది, ఆ రెండూ ఇంచుమించు చెల్లు అనుకోండి. దుకాణంవాడు అంతకంటే బాగా తక్కువకు ఇస్తున్నాడంటే ధర్మానికి ఇవ్వడం లేదు, అందులో ఇంకేదో ఉంది.

వీలుంటే గింజలు మీరే కొని ఆడించుకోండి. ఆడించే ముందు చాటలో పోసి బూజు పట్టినవి, నల్లబడినవి, ముడుచుకుపోయినవి ఏరి పారేయాలి. ఇది అందం కోసం చేసే పని అనుకోవద్దు. బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఫ్యాక్టరీ శుద్ధిలో అది పోతుంది కానీ గానుగలో వడగడితే పోదు. తెచ్చిన నూనెను రెండు రోజులు కదపకుండా ఉంచి, పైన తేరింది స్టీలు డబ్బాలోకి వంచుకోవాలి. వెలుతురు, వేడి తగలకుండా పెట్టుకొని రెండు మూడు నెలల్లో వాడేయాలి. తిరుపతి ఎండాకాలంలో పొయ్యి పక్కన పెట్టిన నూనె ఎంత త్వరగా ముక్కిపోతుందో ఒకసారి అనుభవమైతే మళ్లీ చెప్పనక్కర్లేదు.

చెనిగ్గింజలు పడనివాళ్లు ఇంటికి వస్తే గానుగ నూనెతో ప్రయోగాలు వద్దే వద్దు. అందులో గింజ తాలూకు మాంసకృత్తులు కాసిన్ని మిగిలే ఉంటాయి. బాగా శుద్ధి చేసిన నూనెలో అవి దాదాపు ఉండవంటారు కానీ, ఇంకొకరి బిడ్డ విషయంలో ఆ 'దాదాపు'ను నేను నమ్మను. ఆ పిల్లాడు వచ్చిన పూట బాండ్లి, గరిటె కూడా కడిగినవి తీసి సన్‌ఫ్లవర్‌తో చేశాను.

ప్యాకెట్ నూనెలు

సన్‌ఫ్లవర్, తవుడు నూనె, శుద్ధి చేసిన వేరుశనగ నూనె, ఈ మూడింటి రంగు, వాసన, జిగురు ఫ్యాక్టరీలోనే తీసేస్తారు. వేపుళ్లకు ఇవి హాయి. చెనిక్కాయ నూనె బదులు ఎంతకంత పోసుకోవచ్చు, కొలత మారదు. ఉర్లగడ్డ, చేమగడ్డ కరకరలాడాలంటే నేను తవుడు నూనెకే ఓటు వేస్తాను. వేడికి బాగా నిలుస్తుంది, ముక్కకు జిడ్డు తక్కువ పట్టినట్టు అనిపిస్తుంది. సన్‌ఫ్లవర్‌లో వేడికి త్వరగా చెడే రకం కొవ్వు సగానికి పైనే ఉంటుంది. ఒక పూట వేపుడుకు ఇబ్బంది లేదు. అదే నూనెను మళ్లీ మళ్లీ కాచడానికి మాత్రం అది పనికిరాదు.

మా ఇంట్లో ఈ బదులు వెతుకులాట గట్టిగా మొదలైంది 2022లో. ఆ ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగితే మన సన్‌ఫ్లవర్ ప్యాకెట్ ధర ఎగిరింది, ఎందుకంటే మనకు వచ్చే సన్‌ఫ్లవర్ నూనెలో ఎక్కువ భాగం ఆ రెండు దేశాలదే. అది చాలదన్నట్టు ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది, మే 23న గానీ మళ్లీ వదల్లేదు. ఎక్కడి యుద్ధం, ఎక్కడి తిరుపతి పక్క పుత్తూరు! కిరాణా కొట్టులో రోజుకో ధర. అప్పుడు నేను చేసింది నూనె మార్చడం కంటే పోసే చోటు మార్చడం. వేపుళ్లు వారానికి రెండుకు తగ్గించి, ఉడికించే తాలింపులు పెంచాను. అర కిలో ఉర్లగడ్డ వేపుడుకు నాలుగైదు స్పూన్లు తాగుతుంది. అర కిలో బీన్స్ తాలింపు రెండు స్పూన్లతో ముగుస్తుంది.

పామాయిల్ గురించి ఒక్క మాట. రేషన్ షాపులో ఇచ్చే రోజుల్లో మా వీధంతా దాంతోనే వండేది, తప్పు పట్టను. వడలు, బజ్జీలు కాల్చడానికి అది గట్టిదే. తాలింపుకు మాత్రం నచ్చదు. చల్లారాక అంగిలికి జిడ్డు అంటినట్టు ఉంటుంది, చలికాలం పొద్దున ప్యాకెట్‌లోనే పేరుకుంటుంది. కొలెస్ట్రాల్ పెంచే సంతృప్త కొవ్వు దాదాపు సగం. ఇంట్లో గుండె మందులు వాడేవాళ్లుంటే దీన్ని బదులుగా ఎంచుకోవద్దు.

నెయ్యి, వెన్న

తిరుపతిలో నెయ్యి మాట ఎత్తితే లడ్డూ దగ్గరికి పోకుండా ఎవరూ ఆగరు. నేను ఆగుతాను. మన సంగతి తాలింపు.

నెయ్యి వేడికి భయపడదు. వెన్నలో ఉండే నీళ్లు, పాల గసి తీసేశాక మిగిలిన కొవ్వే కాబట్టి 250 డిగ్రీల దరిదాపుల దాకా నిలుస్తుంది, ఆవాలు చక్కగా చిట్లుతాయి. ఇబ్బంది అంతా వాసనతో. పప్పు, గుమ్మడికాయ, ఉర్లగడ్డ, క్యారెట్ లాంటి కాస్త తీపి, చప్పటి వాటికి నెయ్యి అందం. మటిక్కాయలకు ఒక పసరు చేదు ఉంటుంది, కాకరకాయ సంగతి చెప్పనక్కర్లేదు. వాటిలో నెయ్యి పాలవాసన వేరుగా, పసరూ చేదూ వేరుగా తగులుతాయి. చెనిగ్గింజల పొడి చల్లే దేనిలోకైనా నెయ్యి వద్దు, రెండు కొవ్వులు పోట్లాడుకుంటాయి. సంగటి ముద్ద మీద గుంట చేసి పోసుకునే నెయ్యి వేరే కథ, దానికి నా అభ్యంతరం ఏం లేదు.

నెయ్యికి నేను పూర్తి మార్కులు వేసేది పెరటాసి శనివారాల్లో, అంటే సెప్టెంబరు అక్టోబరుల్లో వచ్చే తమిళ నెలలో వెంకటేశ్వరస్వామికి చేసే శనివారాల్లో. ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేకుండా చేయాలి కదా, ఆ లోటు పూడ్చే వాసన ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. బీన్స్ ఉడికించి, నెయ్యిలో ఆవాలు, ఉద్దిబేడలు, ఎండుమిర్చి, ఇంగువ, చివర్లో పచ్చికొబ్బరి. ఆ రోజు తెల్లగడ్డ ఏదని ఎవరూ అడగరు. మామూలు రోజుల్లో ఖర్చూ రుచీ రెండూ కుదరాలంటే తిరగబాత మామూలు నూనెతో పెట్టి, దించాక అర స్పూను నెయ్యి కలపండి. మొత్తం నెయ్యితో చేసినంత వాసన వస్తుంది.

మొత్తం నెయ్యితో చేస్తే కొలత అంతే, నూనె ఎంతో నెయ్యి అంతే. వెన్నకు అలా కుదరదు. వెన్నలో కొవ్వు నూటికి 80 పాళ్లే, మిగతాది ఎక్కువగా నీళ్లు. రెండు స్పూన్ల నూనె బదులు రెండున్నర స్పూన్ల వెన్న పడుతుంది. అయినా తిరగబాతకు వెన్నతో మొదలుపెట్టకండి. ముందు నీళ్లు చిమ్ముతాయి, తర్వాత అడుగున గసి ఎర్రబడి మాడుతుంది, అప్పటికీ ఆవాలు చిట్లవు. మాడిన వెన్నా, చిట్లని ఆవాలూ కలిసిన బీన్స్ నేను ఒకసారి తిన్నాను, చాలు. ఒక స్పూను నూనెలో తిరగబాత అయ్యాక, ఉడికిన కూరగాయలు వేసి వెన్న కలిపితే బాగుంటుంది. అంగట్లో దొరికే పసుపుపచ్చ వెన్నలో ఉప్పు ఉంటుంది, కూరలో ఉప్పు ఆ మేరకు తగ్గించుకోవాలి.

కొబ్బరి నూనె, నువ్వుల నూనె

అత్త మంచినీళ్లు అడిగిందని కొబ్బరి నూనెను కొట్టిపారేయను. మటిక్కాయల్లో అది నప్పలేదు, అంతే. బీన్స్, క్యాబేజీ, క్యారెట్ తాలింపుల్లో మేం ఎలాగూ పచ్చికొబ్బరి వేస్తాం. తమిళనాడు మాకు చేతికందే దూరం, ఆ అలవాటు ఇటూ అటూ ఒకటే. అలాంటివాటిలో కొబ్బరి నూనె కలిసిపోతుంది. రెండు స్పూన్ల చోట ఒకటిన్నర చాలు, వాసన గట్టిది. వంటకు అమ్మేదే కొనండి. తలకు రాసుకునే సీసాతో పని కానిచ్చేవాళ్లు ఉన్నారు, అది వద్దు. ఇందులో సంతృప్త కొవ్వు నూటికి 85 నుంచి 90 పాళ్లు, నెయ్యి కంటే కూడా ఎక్కువ. రోజూ పోసేది కాదు.

ఇంకో చిక్కు టిఫిన్ బాక్సుతో. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మదనపల్లె వైపు డిసెంబరులో పొద్దున ఏడింటికి కట్టిన బాక్సు ఒంటిగంటకు తెరిస్తే బీన్స్ మీద తెల్లటి పొర. నెయ్యి కూడా చల్లారాక పూసపూసగా పేరుకుంటుంది. మా ఆయన ఒకసారి ఆ బాక్సు అలాగే తిరిగి తెచ్చి, మూత తీసి నా ముందు పెట్టాడు. ఏం మాట్లాడలేదు. బాక్సుల్లోకి పోయేదానికీ, ఫ్రిజ్‌లో పెట్టి రాత్రికి తినేదానికీ చెనిక్కాయ, సన్‌ఫ్లవర్, తవుడు, నువ్వుల నూనెల్లో ఏదైనా సరే, నెయ్యి, కొబ్బరి నూనె మాత్రం వద్దు.

నువ్వుల నూనె నాకు ఆలస్యంగా అర్థమైంది. ఇడ్లీలోకి కారప్పొడి మీద పోసుకోవడం తప్ప దానికి ఇంకో పని లేదనుకునేదాన్ని. వంకాయకూ కాకరకాయకూ పోసి చూశాక చెనిక్కాయ నూనెకు దగ్గరి చుట్టం ఇదేనని తెలిసింది. అదీ గింజ వాసనే, కాకపోతే అడుగున చిన్న చేదు. ఆ చేదు కాకరకాయతోనూ చింతపండు పులుపుతోనూ జత కడుతుంది. బీన్స్, క్యాబేజీ లాంటి సౌమ్యమైన వాటిని మాత్రం మింగేస్తుంది. మటిక్కాయలకు సగం నువ్వుల నూనె, సగం సన్‌ఫ్లవర్ పోస్తే సరిపోయింది. నువ్వుల్లో సహజంగా ఉండే సెసమాల్ లాంటి పదార్థాల వల్ల ఈ నూనె త్వరగా ముక్కిపోదు, ఊరగాయలకు మన పెద్దలు దీన్ని ఎంచుకున్నది ఊరికే కాదు.

మిగతావి త్వరగా ముగిస్తాను. ఆలివ్ నూనె ఎవరో కానుకగా ఇస్తే సలాడ్‌కు వాడుకోండి, దాని ఘాటుకూ కరివేపాకుకూ పడదు, ఆ ధరకు తాలింపులో పోయడం పాపం. ఆవనూనె బెంగాలీ వంటలో అమృతం, మన మటిక్కాయల్లో ముక్కుకెక్కుతుంది. వనస్పతి ఇంట్లోకే తేవద్దు. నూనెలు, కొవ్వుల్లో గుండెకు చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ నూటికి 2 పాళ్లు మించకూడదని 2022 జనవరి నుంచి నిబంధన వచ్చింది, వెనకటి డబ్బాల కంటే నయమే. అయినా గడ్డకట్టిన ఆ కొవ్వు మన కూరాకుకు ఇచ్చేది ఏమీ లేదు.

డాక్టరు చెప్పినప్పుడు

మా ఇంట్లో పెద్దాయనకు కొలెస్ట్రాల్ ఎక్కువని తెలిసిన వారం ఇంట్లో ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు తలా ఒక నూనె పేరు చెప్పారు. తిరిగి తిరిగి తేలింది ఏమిటంటే, సంతృప్త కొవ్వు సన్‌ఫ్లవర్‌లో పదో వంతు, చెనిక్కాయ నూనెలో ఆరో వంతు, తవుడు నూనెలో ఐదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. నువ్వుల నూనె చెనిక్కాయ నూనెకు కాస్త కిందనే. పామాయిల్‌లో సగం, నెయ్యిలో సగానికి పైన, కొబ్బరి నూనెలో దాదాపు అంతా. కాబట్టి నెయ్యి, పామాయిల్ పోస్తున్న ఇల్లు చెనిక్కాయకో సన్‌ఫ్లవర్‌కో మారితే అర్థం ఉంది. చెనిక్కాయ నుంచి సన్‌ఫ్లవర్‌కు మారి, అంతకు రెండింతలు పోస్తే అర్థం లేదు. ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే, గానుగదైనా ఫ్యాక్టరీదైనా.

మనిషికి రోజుకు పాతిక ముప్పై గ్రాముల నూనె చాలంటారు. నలుగురున్న ఇంట్లో ముప్పై చొప్పున లెక్కేస్తే నెలకు దాదాపు నాలుగు లీటర్లు, వడలూ ఊరగాయలూ అన్నీ కలిపి. నేను మా ఇంటి లెక్క తీసినప్పుడు ఆరుంది. గరిటెతో వంచడం మానేసి డబ్బాలో స్పూను వేసి పెట్టాక ఐదుకు దిగింది. ఇంకా దిగాలి.

వడలు కాల్చగా మిగిలిన నూనెను తాలింపుకు పోయడం ప్రతి ఇంట్లో ఉన్నదే. వడగట్టి, మర్నాడో ఎల్లుండో తిరగబాతకు ఒకసారి వాడితే నేనేం అనను. నల్లబడి, చిక్కబడి, పోయగానే నురగ కట్టి అణగకపోతే పారబోయండి. నేను ఒకసారి పండగ నూనెను వారం దాచి మటిక్కాయలకు పోశాను, తాలింపంతా పాత బజ్జీల బండి వాసన. వాసన పట్టుకుని పంచే పని నూనెదని పైన చెప్పాను కదా, చెడ్డ వాసననూ అంతే శ్రద్ధగా పంచుతుంది.

అసలేమీ దొరకని రోజు

ఇంట్లో సన్‌ఫ్లవర్ తప్ప ఏదీ లేదు, చేయాల్సింది మటిక్కాయలే. అప్పుడు ఒక ఉపాయం ఉంది. గుప్పెడు చెనిగ్గింజలు నూనె లేకుండా సన్నటి మంట మీద పొట్టు నల్లమచ్చలు పడేదాకా వేయించి, పొట్టు ఊది, నాలుగు ఎండుమిరపకాయలు, రెండు తెల్లగడ్డ పాయలు, ఉప్పు వేసి మిక్సీలో తిప్పండి. మామూలుగా పొడి పొడిగా ఉండగానే ఆపేస్తాం. ఈసారి ఇంకో రెండు తిప్పులు తిప్పండి, పొడి గిన్నె అంచుకు అంటుకుని తడితడిగా మెరిసేదాకా. గింజలో ఉన్న నూనె బయటికి వస్తోందన్నమాట. సన్‌ఫ్లవర్ ఒక్క స్పూనుతో తిరగబాత పెట్టి, ఉడికిన మటిక్కాయలు వేసి, నీరు ఇగిరాక ఈ ముద్దపొడి మామూలు కంటే ఒక స్పూను ఎక్కువ వేసి, పొయ్యి ఆర్పి మూత పెట్టేయాలి. మంట మీద వేయిస్తూ కూర్చుంటే అడుగంటుతుంది.

పోయిన వారం ఇలాగే చేసి పెట్టాను. అత్త రెండో ముద్ద నంజుకొని, నా వైపు చూడకుండానే అడిగింది.

'గానుక్కాడికి ఎప్పుడు పోయొచ్చినావు?'